గుడ్డ తీయని రొట్టె

మేస్త్రమ్మ పిండి డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళకు ఇనుము తగులుతోంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి అడుగుకంటా నొక్కి పెట్టింది. అయినా చెయ్యి పెడితే చాలు, తనకోసమే కాచుకుని కూర్చున్నట్టు ఎదురొస్తోంది. దోసెడు పిండి తీసి పళ్ళెంలో పోసుకుని, మూత బిగించి, డబ్బాను అల్మారాలో వెనక్కి నెట్టేసింది.

ఆ డబ్బా చర్చి రొట్టెది. నెలకోసారి సంఘమంతా రొట్టె పంచుకుని తినే ప్రభువు బల్ల ఆదివారానికి రొట్టె చేసేది మేస్త్రమ్మే. అత్తగారి తర్వాత ఆమెకు వచ్చిన పని అది. ఇంట్లో పిండి నిండుకుని పొయ్యి మీద పెనం కాలిపోతున్నా సరే, ఆ డబ్బాలోంచి చిటికెడు తీయదు. దాని మూత తీసే హక్కు మొగుడికి కూడా లేదు. అందుకే, దాచాల్సి వచ్చినప్పుడు ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు ఆమెకు తోచలేదు. తప్పు దాచేటప్పుడు మనిషి బుద్ధి మహా చురుగ్గా పనిచేస్తుంది. ఎక్కడ దాచామన్నది తీరిగ్గా తర్వాత గుర్తొస్తుంది.

సంగతేమిటంటే, పక్క వీధిలో లేస్తున్న అంతస్తుల భవనానికి బయటి గోడల పని మొత్తం మేస్త్రీ చేతి కిందే నడుస్తోంది. గోడ పొడవునా ఇనుప పైపులతో పరంజా కట్టారు. పైపును పైపుకు బిగించి పట్టుకునే ఇనుప పట్టును క్లాంపు అంటారు. గురువారం మధ్యాహ్నం, రంగులు వేసే పొడుగోడు ఆ పరంజా మీదినుంచి పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి మర్నాడే ఇంటికి పంపేశారు. బెల్టు నడుముకు కట్టే ఉంది, దాని కొక్కెం మాత్రం దేనికీ తగిలించి లేదు. అది అందరూ చూశారు. కొక్కెం తగిలించుకోకుండా ఎక్కాడు, పడ్డాడు, ఎవరేం చేస్తారని కంపెనీ ఇంజనీరు అక్కడికక్కడే తేల్చేశాడు. మేస్త్రీ ఔననలేదు, కాదనలేదు. కాదనకపోవడమే చాలింది.

ఆ సాయంత్రం మొగుడి భోజనం క్యారియర్ కడుగుతుంటే అడుగు గిన్నెలో రెండు ముక్కలైన క్లాంపు కనిపించింది మేస్త్రమ్మకు. విరిగిన చోట సగం తెల్లగా మెరుస్తోంది, మిగతా సగం తుప్పు పట్టి ఉంది. మేస్త్రీ పెళ్ళానికి ఆ మాత్రం తెలియకపోదు. తుప్పు పట్టిన పగులు ఆ రోజుది కాదు.

“ఇదేంటి?” అని అడిగింది.

మేస్త్రీ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని పక్కన పెట్టాడు. తర్వాత గోడవైపు తిరిగి కూర్చుని చెప్పాడు. పొడుగోడు కొక్కెం తగిలించే ఉన్నాడు. కానీ తగిలించిన పైపే, క్లాంపు విరిగి ఒక పక్కకు ఒరిగిపోయింది. కొక్కెం పైపు చివరిదాకా జారి ఊడిపోయింది. క్లాంపులు పాడైపోయాయని అంతకుముందు చెప్పిందీ పొడుగోడే. మేస్త్రీ ఆ మాట ఇంజనీరుకు చేరవేశాడు. ఈ ఒక్క గోడ అయ్యేదాకా ఎలాగో నెట్టుకురమ్మన్నాడు ఇంజనీరు. మేస్త్రీ పగిలిన చోట తీగ చుట్టించి నెట్టుకొచ్చాడు.

“మరి ఇది ఇంటికెందుకు తెచ్చావు?”

“ఇసుకలో పడి ఉంది. ఎవరైనా చూస్తారని చేతికి దొరికిన గిన్నెలో వేశాను. ఎక్కడైనా పారెయ్. నోరెత్తకు. పరంజా బాగాలేదని తేలితే సైటుకు తాళం వేస్తారు. మన చర్చి సంఘంలో సగం పొయ్యిలు ఆ గోడ మీదే వెలుగుతున్నాయి.”

పారేద్దామని సందు చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. కాళ్ళు ఎందుకు తిప్పుకొచ్చాయో ఆమెకే తెలియదు. అలా అది పిండి డబ్బాలో చేరింది.

ఇప్పుడు ఆదివారం తెల్లవారింది. ప్రమాదం జరిగిందని పని ఆపించిన లేబరు ఇన్‌స్పెక్టరు రేపు పొద్దున వచ్చి మేస్త్రీని అడుగుతాడు. బెల్టు తగిలించుకోలేదని మేస్త్రీ చెబితే ఆగిన పని మళ్ళీ మొదలవుతుంది. అదే పరంజా, అవే క్లాంపులు, అదే తీగ. పొడుగోడు నిలబడ్డ చెక్క మీదకు రేపు ఎక్కబోయేది కొత్త పెళ్ళికొడుకు. పెళ్ళయి ఏడాది దాటినా అతన్ని ఇంకా అలాగే పిలుస్తారు. భార్యకు నెలలు నిండాయి.

మేస్త్రీ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. మేస్త్రమ్మ పిండి పిసుకుతూ అడిగింది.

“ఏమయ్యా, ఇవాళ పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గర నిలబడతావా?”

“నిలబడక? పెద్దల్లో ఇవాళ వంతు నాదే.”

“నిలబడగలవా అని అడుగుతున్నా.”

గడ్డం కింద కత్తి ఆగింది. “పొద్దున్నే మొదలెట్టకు. వాడికి ఏం కావాలన్నా చేస్తున్నాగా. మొన్న మంచం పంపించాను. నిన్న వెళ్ళి ప్రార్థన చేసొచ్చాను.”

“ఏమని చేశావు ప్రార్థన?”

మేస్త్రీ కత్తి కింద పెట్టాడు. నీళ్ళు చల్లుకుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అవసరమైనదానికంటే చాలా సేపు తుడుచుకున్నాడు.

చెడ్డవాడైతే గొడవే ఉండేది కాదు. నాలుగు తిట్టి ఊరుకునేది. మేస్త్రీ చెడ్డవాడు కాదు. ఎవరింట్లో గోడ కూలినా తాపీ పట్టుకుని ముందు పరిగెత్తేది అతనే. ఆ మనిషి మొన్నటినుంచి కంచంలో చెయ్యి పెట్టి కెలికి లేచిపోతున్నాడు. కక్కలేడు, మింగలేడు. ఆమె కూడా అంతే కదా. రొట్టె పెనం మీద వేస్తూ మేస్త్రమ్మకు ఏడుపొచ్చింది. ఏడిస్తే రొట్టెలో పడుతుందని పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది.

*

ఆ చర్చికి ఒక పద్ధతి ఉంది. చుట్టుపక్కల మరే చర్చిలోనూ లేదు. బల్ల మీద రొట్టె పెట్టి, దాని మీద తెల్ల గుడ్డ కప్పి, పాస్టరు గారు అడుగుతారు: “ఎవరి మనసైనా మీ వల్ల నొచ్చి ఉంటే లేవండి.” ఉన్నవాళ్ళు లేచి, ఆ నొచ్చిన మనిషి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాలి. చెయ్యి పట్టుకుని, “మీకు నా మీద ఏమైనా ఉందా?” అని అడగాలి. అవతలివాళ్ళు “ఏమీ లేదు” అనాలి. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చేదాకా గుడ్డ తీయరు. అందరూ ఆగుతారు. అందుకే దానికి ఆగే ఆదివారం అని పేరు పడింది. పూర్వం పాస్టరుగా ఉన్న పాత అయ్యగారు పెట్టిన పద్ధతి ఇది. ఒకసారి ఎవరో పొరుగూళ్ళో ఉన్న అన్న దగ్గరికి బస్సెక్కి వెళ్తే, సంఘమంతా పొద్దుగూకేదాకా బెంచీల మీదే కూర్చుందట. పిల్లల్ని కూడా అక్కడే పడుకోబెట్టారట.

ఇంకో నియమం కూడా ఉంది. లేచినవాళ్ళు తమ తప్పు మాత్రమే చెప్పాలి. పాత అయ్యగారి కాలంలో ఒక కోడలు లేచి అత్తగారి చిట్టా విప్పబోతే, ఆయన ఆపేశారు. “ఆమె మోయాల్సింది ఆమె మోసుకుని లేస్తుంది. నీ మూట నువ్వు విప్పు” అన్నారు. ఆనాటినుంచి ఎవరూ పరాయి మూట ముట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళలో ఆ పద్ధతి అరిగి నున్నగా అయిపోయింది. అప్పు తీసుకున్న గిన్నె తిరిగివ్వలేదనీ, పలకరిస్తే పలకలేదనీ లేచేవాళ్ళే ఎక్కువ. తాళాలు బాగుచేసే తాత అయితే నెలనెలా లేచి తన వియ్యంకుడి దగ్గరికి వెళ్తాడు. చెయ్యి కలుపుతాడు, వచ్చే నెలకు సరిపడా పోట్లాట గుమ్మంలోనే మొదలుపెడతాడు. “ఏమీ లేదు” అనని మనిషిని మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. అందరూ ఆకలితో కూర్చుని చూస్తుంటే, “ఉంది” అనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ ఆదివారం హాలు నిండా జనమే. పని ఆగిపోయింది కాబట్టి మామూలుగా రాని మగవాళ్ళు కూడా వచ్చారు. రేపటి సంగతి గుసగుసలాడుకుంటున్నారు. మేస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. మేస్త్రమ్మ మూడో వరసలో కూర్చుంది. ఆమెకు ముందు బెంచీలో పొడుగోడి తల్లి కూర్చుంది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి, అందరూ మిషనమ్మ అంటారు. మొగుడు పోయాక ఆ ఒక్క కొడుకునీ ఆ మిషను మీదే పెంచింది. ఆమె మెడ మీద చీర అంచు మడత తిరిగి ఉంది. మామూలు రోజైతే మేస్త్రమ్మ ముందుకు వంగి సరిచేసేది. ఇవాళ చెయ్యి లేవలేదు.

పాస్టరు గారు రొట్టె మీద గుడ్డ కప్పారు. “ఎవరి మనసైనా మీ వల్ల నొచ్చి ఉంటే లేవండి.”

తాత లేచాడు. వెనకెక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సద్దుమణగకముందే మిషనమ్మ లేచింది.

తెలిసిపోయిందనుకుంది మేస్త్రమ్మ. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది, తను చెప్పకుండానే తేలిపోతుందని. కానీ మిషనమ్మ తల దించుకుని నడుస్తోంది. బల్ల దాకా వెళ్ళి మేస్త్రీ ఎదురుగా నిలబడింది.

“అన్నయ్యా,” అంది. గొంతు చిన్నదే గానీ హాలంతా వినిపించింది. “మా వాడి మతిమరుపు మీకు తెలుసు. గొడుగు ఎక్కడ పెట్టాడో తెలీదు, భోజనం ఎక్కడ పెట్టాడో తెలీదు. కొక్కెం తగిలించాననే అనుకుంటున్నానమ్మా అన్నాడు మొదట్లో. మేస్త్రీ మావయ్య కూడా కాదనలేదురా, తగిలించి ఉంటే ఆయన చెప్పడా అని కోప్పడ్డాను. అప్పట్నుంచి వాడూ ఊరుకున్నాడు. వాడివల్ల మీకు మాట వచ్చింది. ఇంతమందికి పని ఆగిపోయింది. వాడు లేచి రాలేడు. వాడి బదులు నేనొచ్చాను.” రెండు చేతులా మేస్త్రీ చెయ్యి పట్టుకుంది. “మా వాడి మీద మీకు ఏమైనా ఉందా అన్నయ్యా?”

మేస్త్రీ ముఖం పాలిపోయింది. మేస్త్రమ్మ బెంచీ అంచు పట్టుకుని అతన్నే చూస్తోంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని మనసులో అరుస్తోంది. అతను ఒక్కసారి ఆమెవైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

“ఏమీ లేదమ్మా,” అన్నాడు.

హాలంతా ఊపిరి వదిలింది. మిషనమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. ఎవరో ఆడమనిషి ఆమె భుజం తట్టింది. పాస్టరు గారు తృప్తిగా తల పంకించి, గుడ్డ అంచు మీద చెయ్యి వేశారు.

తప్పు చేసినవాడు క్షమించాడు. దెబ్బ తిన్నది క్షమాపణ అడిగింది. ఆ గుడ్డ కింద ఉన్నదేమో తన చేతి రొట్టె. మేస్త్రమ్మకు ఒళ్ళంతా మంట పుట్టింది. మొగుడి మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకు రెట్టింపు వచ్చింది. లేవాలని ముందుగా అనుకోలేదు. ఎప్పుడు లేచి నిల్చుందో ఆమెకే తెలియలేదు.

“ఆగండి అయ్యగారూ,” అంది.

పాస్టరు గారి చెయ్యి ఆగిపోయింది. మేస్త్రీ తల అడ్డంగా ఆడించాడు. ఎవరికీ కనిపించనంత కొద్దిగా, ఆమెకు మాత్రమే కనిపించేంత.

మేస్త్రమ్మ బల్లవైపు వెళ్ళలేదు. పరాయి మూట విప్పకూడదన్న నియమం ఆమెకు తెలుసు. మొగుడి మూట మొగుడిదే. ముందు బెంచీ దాకా వెళ్ళి, అప్పుడే కూర్చోబోతున్న మిషనమ్మ చెయ్యి పట్టుకుంది. సూది పోట్లతో గరుకెక్కిన చెయ్యి అది.

“వదినా, నీ కొడుకు కొక్కెం తగిలించుకున్నాడు,” అంది. “తగిలించిన పైపే ఊడిపోయింది. దాన్ని పట్టుకునే క్లాంపు ముందే పగిలి ఉంది. ఆ విరిగిన ముక్కలు గురువారం నుంచి మా ఇంట్లో ఉన్నాయి. దాచింది నేను. చర్చి రొట్టె పిండి డబ్బాలో దాచాను. ఇవాళ్టి రొట్టె ఆ పిండితోనే చేశాను.”

మిషనమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అలాగని పట్టుకోనూ లేదు. చచ్చుబడిపోయినట్టు వదిలేసింది.

“నీకు నా మీద ఏమైనా ఉందా అని అడగాలి వదినా. అడిగే ముఖం లేదు నాకు.”

మిషనమ్మ చాలా సేపు ఆమెనే చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి మేస్త్రీని చూసింది. మరుక్షణంలో హాలంతా ఒక్కసారిగా మాట్లాడింది.

“రేపు మేం ఎక్కేది ఆ పరంజానేగా,” అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. పక్కన అతని భార్య అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సైటుకు తాళం పడితే నెలంతా ఏం తింటాం?” అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. “ఆమె ఇంటి గుట్టు ఆమె రచ్చకెక్కించుకుంటే మన పొట్టలెందుకు కొట్టాలి?”

“నీ పొట్ట సంగతి తర్వాత. ఆ పొడుగోడి తుంటి సంగతి చెప్పు ముందు,” అన్నాడు తాత. వియ్యంకుడి చెయ్యి ఇంకా వదల్లేదు, మర్చిపోయినట్టున్నాడు.

పాస్టరు గారు రెండు చేతులూ ఎత్తి అందర్నీ ఆపారు. అంతలో మేస్త్రీ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. ఎవరివైపూ చూడకుండా బెంచీల మధ్యనుంచి నడిచి, చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

*

లేచి వెళ్ళినవాడి వెనక ఎవరూ వెళ్ళకూడదు. తిరిగొచ్చేదాకా ఆగాలి. అదీ నియమమే.

ఆగారు. పాట పాడదామని పాస్టరు గారు మొదలుపెట్టారు గానీ గొంతులు కలవలేదు, మధ్యలోనే వదిలేశారు. కిటికీ ఎండ మొదటి బెంచీ కాళ్ళ దగ్గరనుంచి నడవాలోకి పాకింది. పిల్లలు ఆకలని గొణిగారు. ఒక తల్లి సంచిలోంచి బిస్కట్లు తీసి, సిగ్గుపడుతూ పంచింది.

ఇంజనీరు దగ్గరికే వెళ్ళి ఉంటాడని కొందరన్నారు. ఇంకెక్కడికి వెళ్తాడు, ఇవాళ ముఖం చూపించలేక బస్సెక్కేసి ఉంటాడని మరికొందరన్నారు. మేస్త్రమ్మ మాత్రం మిషనమ్మ బెంచీలోనే కూర్చుని ఇంటి గురించే ఆలోచిస్తోంది. అల్మారా గుర్తొచ్చింది, డబ్బా గుర్తొచ్చింది. సందు చివర మురుగు కాలవ ఉంది. క్లాంపు లేకపోతే తన మాట ఒట్టి మాటే. రేపు ఇంజనీరు నవ్వుతాడు, మొగుడూ పెళ్ళాల గొడవని కొట్టిపారేస్తాడు. కొత్త పెళ్ళికొడుకు ఎక్కుతాడు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఏం చేస్తాడో తెలియక కూర్చోవడం ఎంత నరకమో ఆమెకు ఆ బెంచీ మీదే తెలిసింది. లేచి పరిగెత్తాలని రెండు మూడుసార్లు కాళ్ళు కదిలాయి. పక్కన మిషనమ్మ రాయిలా కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి, ఎవరూ జరగలేదు.

చెప్పుల చప్పుడు విని అందరూ తలలు తిప్పారు.

మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మోచేతులదాకా పిండి. తెల్ల చొక్కా నిండా పిండి. చేతిలో రెండు ఇనుప ముక్కలు. మేస్త్రమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మూత తీసే హక్కు లేని మనిషి డబ్బా బోర్లించేసి వచ్చాడు.

అతను నేరుగా మిషనమ్మ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ముందు మీ ఇంటికెళ్ళాను,” అన్నాడు. రొప్పుతున్నాడు. “వాడికి చూపించాను ఇది. చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. అయితే నేను తగిలించానన్నమాట మావయ్యా, అన్నాడు. ఇంకేం అనలేదు. ఏడ్చాడు. తుంటి విరిగినప్పుడు కూడా ఏడవలేదమ్మా వాడు.”

మిషనమ్మ పెదవులు బిగించుకుంది.

“వాడు చెప్పాడు క్లాంపులు పోయాయని. నేను తీగ చుట్టించాను. నోరు మూసుకున్నాను. ఇందాక నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటే కూడా మూసుకునే ఉన్నాను. రేపు ఇన్‌స్పెక్టరుకు చెప్తాను, అంతా చెప్తాను. పని పోతే పోనీ.” చేతులు చాచాడు. “నీకు నా మీద ఏమైనా ఉందా అమ్మా?”

పాస్టరు గారు గుడ్డ అంచు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అందరి కళ్ళూ మిషనమ్మ మీదే. రెండు చిన్న మాటలు, అవి అనేస్తే రొట్టె, ఆ తర్వాత ఇల్లు, భోజనం.

“ఉంది,” అంది మిషనమ్మ.

ఆ చర్చి గోడలు ఆ మాట వినడం అదే మొదటిసారి.

“ఉంది అన్నయ్యా. లేదని ఈ రొట్టె ముందు అబద్ధం చెప్పలేను. నా కొడుకు మాట నేను నమ్మకుండా చేశావు. వాడి మాట వాడే నమ్మకుండా చేశావు. ఇక్కడ చెప్పడం తేలిక, అందరం మనవాళ్ళమే. రేపు ఆ పరంజా కింద నిలబడి చెప్పు. అప్పుడడుగు.”

మేస్త్రీ చేతులు మెల్లగా కిందకి దిగాయి. మేస్త్రమ్మ వైపు తిరిగి, “నీ మాట కూడా అంతే వదినా” అంది మిషనమ్మ.

పాస్టరు గారు మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించి ఎరగరు. గుడ్డ అంచు వదిలేసి, దాన్ని సరిగ్గా సర్దారు. “ఆగుదాం,” అన్నారు. “ఇళ్ళకెళ్ళండి. రేపు పొద్దున సైటు దగ్గర కలుద్దాం.”

గుడ్డ తీయకుండా జనం ఇళ్ళకు వెళ్ళడం ఆ సంఘంలో ఎప్పుడూ జరగలేదు. గుమ్మం దగ్గర ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఆఖరికి తాత కూడా వియ్యంకుడితో పోట్లాడకుండానే వెళ్ళిపోయాడు.

*

సోమవారం పొద్దున సైటు గేటు దగ్గర ఇంజనీరు ముందు నవ్వాడు. పనివాళ్ళ వెనక ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పాస్టరు గారు కనిపించేసరికి ఆ నవ్వు సగంలో ఆగింది. “ఏంటి మేస్త్రీ, ఇక్కడే పెట్టావా ప్రార్థన?” అన్నాడు.

నిద్రలేక మేస్త్రీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేస్త్రమ్మ అతనికి ఒక్క అడుగు వెనక నిలబడింది. రాత్రంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు మాత్రం అతని చొక్కా గుండీ ఊడితే ఆమె కుట్టి ఇచ్చింది.

ఇన్‌స్పెక్టరు బండి దిగి టోపీ పెట్టుకున్నాడు. హడావుడిగా ఉన్నాడు. “మేస్త్రీ ఎవరు? ఆ రోజు మనిషి బెల్టు తగిలించుకున్నాడా, లేదా?”

“లేదని అప్పుడే తేలింది సార్,” అన్నాడు ఇంజనీరు. మేస్త్రీ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. “ఒక్క ముక్కలో చెప్పెయ్. ఇప్పుడే పని మొదలెట్టిద్దాం. వచ్చే బిల్డింగు కూడా నీదే.”

మేస్త్రీ పరంజావైపు చూశాడు, వెనక నిలబడ్డ పనివాళ్ళవైపు చూశాడు. ఎంత సేపు ఊరుకున్నాడంటే, మేస్త్రమ్మకు నిన్న బల్ల దగ్గర విన్న మాట చెవిలో మోగింది. మళ్ళీ అదే అంటాడని భయపడింది. చెయ్యి చాచి అతని వీపు తాకింది. నెట్టలేదు, కేవలం తాకింది.

“తగిలించుకున్నాడు సార్,” అన్నాడు మేస్త్రీ.

జేబులోంచి ముక్కలు తీసి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. పగులులో తుప్పు చూపించాడు. తీగ ఎవరు చుట్టించారో చెప్పాడు, ఎవరు చుట్టించమన్నారో చెప్పాడు. తను గురువారం నుంచి ఏం దాచాడో కూడా చెప్పాడు. ఇంజనీరు మధ్యలో రెండుసార్లు అడ్డొచ్చాడు. రెండోసారి ఇన్‌స్పెక్టరు అతన్ని నోరు మూసుకోమన్నాడు.

“వీడు పిచ్చివాడు సార్. కావాలంటే పనివాళ్ళని అడగండి, అందరూ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు,” అన్నాడు ఇంజనీరు.

కొత్త పెళ్ళికొడుకు తన బెల్టు విప్పి నేల మీద పెట్టి, ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. అతని పక్కన ఇంకొకడు కూర్చున్నాడు. నిన్న నెలంతా ఏం తింటామన్నవాడు కాసేపు నిలబడి అటూ ఇటూ చూశాడు, చివరికి విసుక్కుంటూ వచ్చి అతనూ కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు స్వయంగా పరంజా దగ్గరికి వెళ్ళి, చేతికందిన ఒక క్లాంపు మీది తీగ విప్పించాడు. తీగ ఊడగానే క్లాంపు రెండుగా విచ్చుకుని అతని అరచేతిలో పడింది. ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. గేటుకు తాళం వేయించాడు.

“ఇక ఈ చుట్టుపక్కల నీకు పని దొరికితే నన్నడుగు,” అన్నాడు ఇంజనీరు వెళ్తూ వెళ్తూ. మేస్త్రీ తల ఊపాడు. ఆ మాట నిజమేనని అతనికీ తెలుసు.

ఎండ ముదురుతోంది. తాళం వేసిన గేటు ముందు అందరూ మిగిలారు. మేస్త్రీ మిషనమ్మ దగ్గరికి నడిచాడు. మేస్త్రమ్మ కూడా వెళ్ళి పక్కన నిలబడింది. చేతులు చాచే ధైర్యం ఇద్దరికీ లేదు.

“ఇప్పుడు ఉందా అమ్మా?” అన్నాడు.

మిషనమ్మ తాళంవైపు చూసింది. ఇసుకలో కూర్చున్నవాళ్ళవైపు చూసింది. మేస్త్రీ చొక్కాకు కొత్తగా కుట్టిన గుండీవైపు కూడా చూసింది, కుట్టుపని చేసే కళ్ళు కదా. చివరికి మేస్త్రమ్మతో మాట్లాడింది.

“నిన్నటి రొట్టె ఎండిపోయుంటుంది వదినా. మళ్ళీ చెయ్యి. ఈసారి పిండి మా ఇంటినుంచి పంపిస్తాను.” ఆగి, పాస్టరు గారివైపు తిరిగింది. “బల్ల మా ఇంట్లోనే పెట్టండి అయ్యగారూ. వాడు లేచి రాలేడు. ఏమైనా ఉందా అని అడగాల్సింది వాణ్ణి.”

మేస్త్రీ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మేస్త్రమ్మ చెయ్యి చాచి, మిషనమ్మ మెడ మీద ఇవాళ కూడా మడత తిరిగి ఉన్న చీర అంచు సరిచేసింది.

“డబ్బా కడిగి ఉంచుతాను వదినా,” అంది.